వేణ్నీళ్లకు చన్నీళ్లు

మా ఉప్పలగుప్తంలో నీళ్లకు కరువేమిటండీ! ఇంటి ముందు పంటకాలువ, వెనక బోదె, ఊరు దాటితే రొయ్యల చెరువులు, అవీ దాటి ఎస్‌.యానాం వెళితే ఏకంగా సముద్రం. వేడికీ కరువు లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు కుళాయి తిప్పి పట్టుకుంటే టీపొడి వెయ్యడమే తరువాయి. ఇన్ని నీళ్లూ, ఇంత వేడీ దేవుడు ఊరికే ఇచ్చిన చోట డబ్బు పోసి వేణ్నీళ్ల తొట్టి కొనుక్కున్నవాణ్ని నేనొక్కణ్నే. అదీ పాతది.

తప్పు నాది కాదు, నా నడుముది. కొబ్బరి దింపు రోజున కుప్ప దగ్గర వంగి కాయలు లెక్కపెడుతుంటే 112వ కాయ దగ్గర పట్టేసింది. డాక్టరుగారు వేణ్నీళ్ల కాపడం పెట్టుకోమన్నారు. రబ్బరు సంచీతో తేలిపోయే వ్యవహారం. కానీ ఆ మాట మా బావ చెవిన పడింది. బావకి పాత సామానంటే ప్రాణం. ఆయన జన్మలో కొత్తగా కొన్నది మా అక్క మెడలోని తాళిబొట్టొక్కటేనని మా అమ్మ ఎటకారం.

“బావా, గోదారి గట్టున ఒక రిసార్టు వాళ్లు కొత్తవి వేసుకుంటూ పాతవి తీసేస్తున్నారు. ఆరుగురు కూచునే తొట్టి. లోపల చుట్టూ ముక్కులుంటాయి. వాటిలోంచి నీళ్లొచ్చి నడుం మీద గుద్దుతాయి. సినిమాల్లో విలన్లు కూచుంటారే, అది!”

“నాకు విలనవ్వాలని లేదు బావా, వంగి చెప్పులేసుకోవాలని ఉంది.”

“రెండూ అవుతాయి. పైగా సంక్రాంతికి సిటీ నుంచి వచ్చేవాళ్లకి గంటకింతని ఇచ్చుకున్నావనుకో, కొబ్బరికి ధర లేనప్పుడు వేణ్నీళ్లకు చన్నీళ్లు.”

ఆ సామెత దగ్గర నేను పడిపోయాను.

తొట్టి కొబ్బరికాయల లారీలో, పక్కకి తిరిగి పడుకుని, ఊరేగుతూ వచ్చింది. సెంటర్లో లారీ ఆగిన ఐదు నిమిషాల్లో దానికి నాలుగు పేర్లు పెట్టారు. హేచరీలో రొయ్యపిల్లల తొట్టి అన్నారొకరు. ఇంత పెద్ద కుడితి గోలెం ఎన్ని గేదెలకో అన్నారు ఇంకొకరు. కుర్రాళ్లు ఏదో సినిమా సెట్టింగన్నారు. 1996 నవంబరు తుపాను చూసిన పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. “పడవై ఉంటుంది. మంచి పని చేశాడు” అన్నాడు.

దింపు కుర్రాళ్లు పది మంది కొబ్బరితాళ్లు కట్టి, వెదుళ్లు దూర్చి, ‘హైలెస్సా’ అంటూ పెరట్లోకి మోశారు. దించేముందు అమ్మ ఆపింది. ఈశాన్యంలో నీళ్లుండాలి, అదీ శాస్త్రమే. ఈశాన్యంలో బరువుండకూడదు, అదీ శాస్త్రమే. ఇది నీళ్లా, బరువా? నిండా పోస్తే నీళ్లే 1200 కిలోలు, తొట్టి ఒక 300, ఆరుగురు మనుషులు, అందులో మా బావ ఉంటే ఏడుగురు. మొత్తం రెండు టన్నులు. మా నేల సంగతి చెప్పక్కర్లేదు, వాన పడితే గేదె కాలు పట్టుకుని వదలదు. కాబట్టి ఇనుము కట్టి, ఆరంగుళాల మందాన కాంక్రీటు దిమ్మ పోయించాను. తొట్టికిచ్చినదాని కన్నా దిమ్మకే ఎక్కువైంది.

దిమ్మ ఎండాక చూసుకుంటే నెత్తిన కొబ్బరిచెట్టు. పక్కకి జరుపుదామంటే అక్కడింకొకటి. పాతిక అడుగులకొక చెట్టున్న తోటలో ఆకాశం కింద అంటే కొబ్బరిచెట్టు కిందనే. “కొబ్బరికాయకి మూడు కళ్లుంటాయిరా, చూసుకునే పడుతుంది” అంది అమ్మ. వారం తిరక్కుండా ఒక ముదురుకాయ చూసుకునే పడింది, సరిగ్గా తొట్టి మధ్యలో. అప్పటికి అందులో ఎవరం లేము. ఆ సాయంత్రమే ఆ చెట్టుకి కాయలన్నీ దింపించేశాను.

ఇక కరెంటు. నీళ్లూ కరెంటూ ఒకే చోట కూచునే సంసారం కదా, ఇందులో పొదుపు చెయ్యకూడదని బావక్కూడా తెలుసు. మంచి ఎర్తింగు, 30 మిల్లీయాంపియర్లు పక్కదారి పట్టినా టక్కున పడిపోయే బ్రేకరు, తొట్టికి దూరంగా స్విచ్చి. అన్నీ అయ్యాక శుక్రవారం మంచి ఘడియలో కొబ్బరికాయ కొట్టి (మొన్న పడిందే, అదే) మీట నొక్కాను.

తొట్టి మూలిగింది. ముక్కుల్లోంచి ఒక్క బొట్టు రాలేదు. చిన్న తెర మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి: ఎఫ్‌, ఎల్‌, ఓ. అంటే లోపల నీళ్ల పారకం లేదని దాని భాష. మీట ఆపాను, నొక్కాను. కొట్టాను, బతిమాలాను. మా ఆవిడ వచ్చి చూసి, “పెళ్లిచూపుల్లో మీరూ ఇలాగే మూలిగి ఊరుకున్నారండీ” అని వెళ్లిపోయింది.

అమలాపురం నుంచి వచ్చిన ఇద్దరు ఎలక్ట్రీషియన్లు ఇలాంటిది చూళ్లేదన్నారు. చివరికి వచ్చినవాడు మా రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు బాగుచేసే కుర్రాడు. వాడు తెర వంక చూడనే లేదు. మోకాళ్ల మీద కూచుని, తొట్టి పక్క తలుపు ఊడదీసి, మోటారు మీద చెవి పెట్టాడు. డాక్టర్లు వీపు మీద వేళ్లతో కొట్టినట్టు పైపు మీద రెండుసార్లు కొట్టాడు.

“గాలి పట్టిందండీ అన్నయ్యగారూ.”

“అంటే?”

“పొట్టలో వాయువండి.”

పంపు మూతి దగ్గర నల్ల చుట్టు నట్టుని రెండు చేతులా పట్టుకుని అర తిప్పు వదిలాడు. ‘స్‌స్‌స్‌’ అని పాము బుస. తర్వాత ‘తుప్పు తుప్పు’ అని ఉమ్మడం. తర్వాత వాడి మొహం మీద సన్నగా, ధారగా నీళ్లు. మొహం తుడుచుకోకుండానే నట్టు బిగించాడు. “ఇప్పుడు నొక్కండి.” నొక్కాను. తొట్టి నాలుగు వైపులా ఒక్కసారి లేచి, అన్నం కుండ పొంగినట్టు పొంగింది.

“ఆయ్‌! ఇదేమన్నా కొత్తాండీ? ముక్కులోంచి నీళ్లు సన్నగా, జోరుగా దూసుకెళ్తాయి కదండీ, ఆ జోరుకి పక్క గొట్టంలోంచి గాల్ని లాక్కుంటాయి. మా వెంచురీ ఏరేటరూ అంతేనండీ. మేం రొయ్యకి పెట్టేది మీరు మనిషికి పెట్టుకున్నారు.”

వాడి మాట వేళాకోళం కాదని తర్వాత తెలిసింది. ఈ తొట్టికి పేరు తెచ్చిన జకూజీ వారు ఇటలీ నుంచి అమెరికా వెళ్లిన ఏడుగురు అన్నదమ్ములు. 1915లో కాలిఫోర్నియాలో కంపెనీ పెట్టి మొదట విమానాలకి పంకాలు చేశారు. తర్వాత రైతుల బావుల్లోంచి నీళ్లు తోడే జెట్‌ పంపులకి దిగారు. వాళ్లలో కాండిడో అనే ఆయన కొడుక్కి పసితనంలోనే కీళ్లవాతం. ఆస్పత్రిలో చేసే నీటి వైద్యం ఇంట్లోనే అందాలని 1948లో స్నానాల తొట్టిలో దించే చిన్న పంపు తయారుచేశారు. పంపు తొట్టిలోనే కలిసిపోయి విలాసమైపోయింది 1968లో, ఆ ఇంటి తర్వాతి తరంవాడు రాయ్‌ జకూజీ చేతిలో. ఇంతా చేస్తే పుట్టింది వ్యవసాయ మోటారుకి, పెరిగింది పిల్లవాడి నొప్పికి. నేను విలన్‌ సామాననుకున్నది అచ్చంగా రైతు సామానే. ఏరేటర్ల కుర్రాడికి చుట్టం కాక ఎలక్ట్రీషియన్‌కి చుట్టమవుతుందా!

మే నెలలో ఇంకో అక్షరమాల. ఈ తొట్టికి 40 డిగ్రీలు లక్ష్మణరేఖ. మూత వేసి ఉంచితే మా ఎండకి, పంపు వేడికి అదే ఆ గీత దాటేసింది. తెర మీద ‘ఓ’, పక్కన ‘హెచ్‌’. కాగిపోయానని చెప్పడం. కలిపి చదివితే ‘ఓహ్‌’. అమ్మ చూసి, “ఉక్కకి తొట్టే నిట్టూరుస్తోంది, నువ్వందులోకి దిగుతావా?” అంది. ఆ నెలంతా చన్నీళ్లు పోసి చల్లార్చడమే పనైంది.

వానల్లో నీళ్లు పచ్చబడ్డాయి. రొయ్యల సాగు చేసే తమ్ముడొకడు తన టెస్టు కిట్టు తెచ్చి, చుక్కలేసి, రంగు చూసి, పీహెచ్‌ 8 దాటిందని తేల్చాడు. “ఇది వనామీకి బ్రహ్మాండంగా సరిపోద్దండీ. మీకైతే ఏడున్నర దగ్గరుండాలి” అన్నాడు. మందు ఎంత కలపాలో చెప్పి, వారానికోసారి నీళ్లు చూపించమన్నాడు. అలా మా పెరట్లో 1200 లీటర్ల చెరువు మొదలైంది, పంట మేమే.

తేడా బిల్లు దగ్గరే వచ్చింది. 28 డిగ్రీల నీళ్లని 40కి తేవాలంటే సుమారు 17 యూనిట్లు. నాది 3 కిలోవాట్ల హీటరు, ఐదున్నర గంటలు తాగుతుంది. ఇంటి వాడకం నెలకి 400 యూనిట్లు దాటితే ఆపై యూనిట్టు 9 రూపాయల 75 పైసలు. ఒక్క మునక 165 రూపాయలు! ఆక్వా జోన్‌లో అర్హత ఉన్న చెరువుకైతే అదే యూనిట్టు రూపాయిన్నర. బావ రెండు నిమిషాలు ఆలోచించి, “ఆరు రొయ్యపిల్లల్ని వదిలి చెరువని రాయించు” అన్నాడు. నేను వదల్లేదు. వాటి మధ్య కూచుంటే అవి నా నడుం కన్నా ముందు నా పరువు కొరుకుతాయి.

నిజంగా వేణ్నీళ్లు కావలసిన ధనుర్మాసం వచ్చింది. తెల్లవారుజామున తోటంతా మంచు, బోదె మీద పొగ. అదను చూసుకుని హీటరు చచ్చిపోయింది. ఏరేటర్ల కుర్రాడు దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. మా బోరు నీళ్లలోని ఉప్పూ సున్నమూ కలిసి కమ్మీ చుట్టూ వేలెడు మందాన తెల్లగా పేరుకున్నాయి, మాగాయ జాడీ మూతి దగ్గర ఉప్పు కట్టినట్టు. గోటితో గీకితే పెళ్లలుగా రాలింది. కొత్తది రావడానికి నెల.

అప్పుడు అమ్మ రంగంలోకి దిగింది. పెరటి పొయ్యి మీద రాగి కాగు పెట్టి, కింద కొబ్బరిడొక్కలు తోసి, “ఆరు కాగులు మరగబెట్టి పొయ్యి, సరిపోతుంది” అంది. నాకు నమ్మకం లేక కాగితం పెన్నూ తీసుకున్నాను. మరిగే నీళ్లింత, తొట్టి నీళ్లింత, కాగు పట్టేది ఇంత అని హెచ్చవేసి భాగిస్తే, తేలింది ఆరు. పదో తరగతి లెక్క ఆవిడకి మోచేతిలో ఉంది. ఆరో కాగు పోశాక ఆ మోచెయ్యే ముంచి, “ఊఁ, పసిపిల్లకి పొయ్యొచ్చు” అని తేల్చింది.

దిగాను. నడుం మీద నీళ్లు గుద్దుతుంటే 112వ కాయ దగ్గర పట్టుకున్నదేదో వదిలింది. కళ్లు మూసుకున్నాను. సంక్రాంతికి బావ కూడా దిగి, తొట్టిలోనే ఆత్రేయపురం పూతరేకు తింటానన్నాడు. తడిచేత్తో పట్టుకున్నాడు. రేకు మాయమైంది, వేళ్ల మధ్య నెయ్యీ బెల్లం మిగిలాయి. వేళ్లు నాక్కుంటూ, “ఇంతకన్నా సుఖం ఏ విలనుకీ ఉండదు” అన్నాడు. గంటకింతని ఇచ్చుకోవడం మాట మాత్రం ఎత్తలేదు. ఆయన దిగితే వేరేవాళ్లకి చోటుండదు మరి.

అమ్మ మాత్రం దిగలేదు. ఆవిడకో ధర్మసందేహం. “స్నానం చేసి దిగాలా, దిగి స్నానం చెయ్యాలా?”

“ముందు సబ్బుతో శుభ్రంగా చేసి దిగాలమ్మా.”

“చేసేశాక ఇంకెందుకురా దిగడం? ఒకరు కూచున్న నీళ్లలో ఇంకొకరు కూచోవడమేమిటి, ఎంగిలి!”

“2015లో పుష్కరాలకి అంతమంది మునిగిన రేవులో నువ్వూ మునిగావుగా?”

“అది గోదారి. పారుతుంది.”

“ఇదీ పారుతుందమ్మా. గుండ్రంగా.”

ఆవిడ నావంక చూసిన చూపుకి నీళ్లు రెండు డిగ్రీలు చల్లబడ్డాయి.

కనుమ వెళ్లిన నాలుగోనాడు చీకటితోనే మెలకువ వచ్చింది. పెరట్లోంచి డొక్కల పొగ వాసన. నేను చెప్పకుండానే అమ్మ కాగు పెట్టింది. తల్లి మనసంటే ఇదీ అనుకుని, కళ్లు చెమర్చి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లాను.

తొట్టి గట్టు మీద అమ్మ, అమ్మ పక్కన వీధిలోని నలుగురు పెద్దమ్మలు. చీరలు పిక్కల దాకా ఎగ్గట్టి పది కాళ్లూ తొట్టిలో పెట్టి కూచున్నారు. పంపు పెట్టుకోవడం ఎవరు నేర్పారో, బుడగలు అరికాళ్లు గిలిగింతలు పెడుతుంటే ఎవరి కోడలు ఎవర్నేమందో చెప్పుకుంటున్నారు. వాకిట ముగ్గుల పని అప్పుడే అయిపోయింది కాబోలు, ఒకావిడ గోళ్లలో ఇంకా పిండి ఉంది.

“అమ్మా, ఒకరు పెట్టిన నీళ్లలో ఇంకొకరు...”

“పారుతున్నాయన్నావుగా!” అంది వెనక్కి తిరక్కుండానే. “గుండ్రంగా.”

పెద్దమ్మలు నవ్వారు. “ఏం నాయనా, నడుం ఎలా ఉంది?” అని అడిగారు గానీ ఒక్కరూ కాలు తియ్యలేదు. కాగులో చూశాను, అడుగంటింది. ఇంకో కాగు పెడదామంటే డొక్కలు అయిపోయాయి.

బావ చెప్పిన సామెత ఆ పొద్దు అక్షరాలా జరిగింది. వేణ్నీళ్లు వాళ్లకి. నూతి దగ్గరికెళ్లి చేద వేసి, పళ్లు బిగబట్టి నెత్తిన దిమ్మరించుకున్నవి నావి.