గాలానికి కళ్లజోడు

చేపల వేటను జీవనోపాధిగా కాక కాలక్షేపంగా పెట్టుకున్న మనిషి అర్థశాస్త్రానికి లొంగడు. హైదరాబాదు రాంనగర్ మార్కెట్టులో అరగంటలో కొని, పొలుసు తీయించి, ముక్కలు కొట్టించి ఇంటికి తెచ్చుకోగల చేప కోసం అతడు తెల్లవారకముందే లేచి, పెట్రోలు తగలేసి, మధ్యాహ్నం దాకా గట్టుమీద ఎండలో కూర్చొని, తరచుగా ఉత్తచేతులతో తిరిగివచ్చి, వచ్చే ఆదివారం మళ్ళీ బయలుదేరతాడు. ఈ వ్యవహారంలో లాభమంటూ ఏదైనా ఉంటే అది నీటి అడుగున ఏముందో తెలియకపోవడంలోనే ఉన్నదని, బెండు మునిగిన ఆ ఒక్క క్షణానికి విలువ అంతకుముందు గడిచిన గంటల నిరీక్షణ వల్లనే సమకూరుతున్నదని ఈ వేటను కొంతకాలం గమనించినవారెవరైనా ఒప్పుకుంటారు. సరిగ్గా ఆ తెలియకపోవడాన్నే రోగంగా నిర్ధారించి, దానికి మందుగా ఫిష్ ఫైండర్ అనే ఎలక్ట్రానిక్ పరికరాన్ని అమ్మే వ్యాపారం ఒకటి లోకంలో నడుస్తున్నది. దానివల్ల వేటలోని ఆనందం పెరుగుతుందని అమ్మేవారు వాదిస్తారు; కొన్నవారు, డబ్బు పెట్టారు గనుక, ఇంకా గట్టిగా వాదిస్తారు.

ఈ వాదాన్ని పరీక్షించడానికి గుడిమల్కాపూర్ అనువైన చోటు. ఇక్కడి నుంచి లంగర్‌హౌజ్ దాటి ముందుకు పోతే ఒక దారి ఉస్మాన్ సాగర్‌కు, మరొక దారి హిమాయత్ సాగర్‌కు చేరుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు మూసీ మీద ఒకటి 1920లోనూ, ఈసీ మీద రెండవది 1927లోనూ పూర్తయిన ఈ జలాశయాలు వరదను ఆపడానికి, నగరానికి తాగునీరు ఇవ్వడానికి కట్టినవే తప్ప గాలం వేసేవారి కోసం కట్టినవి కావు. చేపలు మాత్రం ఆ సంగతి పట్టించుకోలేదు. ఇక గుడిమల్కాపూర్ అంటే నగరవాసులకు మొదట గుర్తుకు వచ్చేది పూల మార్కెట్టు. చామంతి, బంతి మూటలు దిగగానే కొనేవాడు గుప్పెడు పూలు చేతిలోకి తీసుకొని, రేకుల బిగువు, తడి చూసి, అది నిన్నటి కోతో నేటి కోతో తేల్చుకొని ధర పలుకుతాడు. అతనికి పూల తాజాదనం కొలిచే యంత్రం అమ్మబోయిన వ్యాపారి ఇంకా పుట్టలేదు, పుట్టినా అతనికి బోణీ కాదు. పూలవాడు పొట్టకోసం ఆ పని చేస్తున్నాడు గనుక అక్కరలేని ఖర్చు పెట్టడు. అక్కరలేని ఖర్చు నిశ్చింతగా పెట్టాలంటే ఆ పని వినోదమై ఉండాలి.

పరికరం పనిచేసే తీరు తెలుసుకోకుండా దానిని వెక్కిరించడం న్యాయం కాదు. ఫిష్ ఫైండర్ సోనార్ సూత్రం మీద, అంటే శబ్దాన్ని నీటిలోకి పంపి, అది దేనికో తగిలి తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి ఆ వస్తువు ఎంత దూరాన ఉన్నదో లెక్కగట్టే పద్ధతి మీద నడుస్తుంది. పడవ అడుగున గాని, నీటిలోకి విసిరే బంతిలో గాని అమర్చిన ట్రాన్స్‌డ్యూసర్ అనే భాగం విద్యుత్తును శబ్దంగానూ, తిరిగివచ్చిన శబ్దాన్ని మళ్ళీ విద్యుత్తుగానూ మారుస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది గనుక, సెకనులో వందోవంతు కాలానికి ప్రతిధ్వని వచ్చిందంటే ఆ వస్తువు ఏడున్నర మీటర్ల లోతున ఉన్నట్టు లెక్క. చేప మాంసం శబ్దానికి దాదాపు నీటిలాగానే తోస్తుంది కాబట్టి దాని నుంచి వచ్చే ప్రతిధ్వని బలహీనం. గట్టిగా తిప్పికొట్టేది చేప కడుపులోని గాలితిత్తి, అంటే కోరిన లోతులో నిలకడగా తేలడానికి దానికి తోడ్పడే గాలి సంచి. కనుక ఈ యంత్రం ప్రధానంగా కనిపెట్టేది చేపను కాదు, చేపలోని గాలిని. గాలిని కొలిచి ఫలితం ప్రకటించే విద్య ఎన్నికల కాలంలో తెలుగువారికి బాగా పరిచయమైనదే గనుక దాని మీద ఎంత నమ్మకం ఉంచాలో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ విద్య వంశవృక్షం మాత్రం ఘనమైనది. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాములను పసిగట్టడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ లాంజెవాన్ ఆ స్ఫటికాలతోనే నీటిలోకి శబ్దతరంగాలను పంపాడు. 1948లో జపానులో ఫురునో సంస్థ చేపల పడవల కోసం దానిని వ్యాపారస్థాయిలో తయారుచేసింది. 1950ల చివరికల్లా అమెరికాలో లోరాన్స్ సంస్థ సరదా వేటగాళ్ల చేతికి అందించింది. 2018లో గార్మిన్ సంస్థ లైవ్‌స్కోప్ పేరుతో, పడవ ముందు ఈదుతున్న చేప ఎరను సమీపించడమూ, వాసన చూడడమూ, మొహం తిప్పుకొని పోవడమూ తెర మీద అప్పటికప్పుడు చూపించే సోనార్‌ను తెచ్చింది. జలాంతర్గామిని పట్టడానికి పుట్టిన శాస్త్రం నూరేళ్లు కష్టపడి అరకిలో జెల్ల దగ్గరకు చేరుకోవడాన్ని అభ్యుదయమనే పిలవాలి.

అయితే ఈ శబ్దం నీటిలో శంకువు ఆకారంలో, అంటే పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పయ్యే ఆకారంలో విస్తరిస్తుంది. శంకువు కోణం 20 డిగ్రీలు అనుకుంటే, పది మీటర్ల లోతున అది సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు గల వలయాన్ని చూడగలుగుతుంది. ఒక మీటరు లోతున చూడగలిగేది 35 సెంటీమీటర్లు, అంటే అన్నం తినే కంచం కంటే కాస్త పెద్దది. మన చెరువుల్లో గట్టుమీద నిలబడి గాలం వేసే చోట్లు చాలావరకు మోకాలిలోతు, నడుములోతు నీళ్లు. వేల రూపాయలు పోసి కొన్న పరికరాన్ని అటువంటి నీటిలోకి విసిరి, కంచమంత మేర జ్ఞానం సంపాదించి, ఆ కంచంలో చేప లేదని రూఢి చేసుకొని తృప్తిపడడం ఒక రకమైన తపస్సు. దీనికి తోడు, ప్రతిధ్వనిని అర్థం చేసుకునే శ్రమ లేకుండా తెర మీద నేరుగా చేప బొమ్మ వేసి చూపే సదుపాయం కూడా చాలా పరికరాల్లో ఉంటుంది. ఆ బొమ్మ వేయడానికి యంత్రానికి కావలసింది నీటి మధ్యలో శబ్దాన్ని తిప్పికొట్టేది ఏదో ఒకటి మాత్రమే, అది నీట మునిగిన కొమ్మ అయినా, గాలి బుడగ అయినా, ప్లాస్టిక్ సంచి అయినా దానికి అభ్యంతరం లేదు. నగరపు చెరువుల స్థితి ఎరిగినవారికి ఇటువంటి యంత్రం వీటిలో ఎంతటి మత్స్యసంపదను చూపించగలదో ఊహించుకోవడం కష్టం కాదు. నిమజ్జనం మరునాడు హుస్సేన్ సాగర్‌లో దీనిని వాడితే తిమింగలాలు కూడా కనిపించవచ్చు.

అన్నిటికంటే పెద్ద చిక్కు కొర్రమీనుతో వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన, పల్లెల్లో బొమ్మె అని కూడా పిలిచే ఈ చేప కోసమే ఇక్కడి గాలపు వేటగాళ్లలో చాలామంది రబ్బరు కప్పలు, లోహపు రేకులు కొని పెట్టుకుంటారు. మొప్పలు ఉన్నా ఎదిగిన కొర్రమీనుకు వాటితో సరిపోదు. తల లోపల, మొప్పల పైన ఉన్న ప్రత్యేకమైన అరలతో అది నేరుగా గాలి పీలుస్తుంది, అందుకోసం కొన్ని నిమిషాలకొకసారి నీటిపైకి వచ్చి గుటక వేసి పోతుంది. పైకి రానివ్వకుండా వలకట్టి ఉంచితే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. తన ఉనికిని తానే పదేపదే చాటుకునే ఈ ప్రాణిని వెతకడానికి యంత్రం కావాలనడం ఒక విచిత్రం. ఆ యంత్రం దానిని వెతకలేకపోవడం అంతకంటే విచిత్రం. కొర్రమీను ఉండేది జమ్ములో, తుంగలో, గుర్రపుడెక్క నీడలో, మీటరు లోతైనా లేని బురదనీటిలో. అటువంటి చోట శబ్దం ఆకులకూ కాడలకూ తగిలి తిరిగివచ్చి తెరంతా అలికేస్తుంది. గట్టుమీద కూర్చున్న బెస్త ముసలాయన నీటిమీద లేచిన బుడగను, దాని పక్కన కదిలిన ఆకును చూసి, చేప ఎంతటిదో, ఎటు తిరిగిందో చెబుతాడు. అతనికి బ్యాటరీ దించనక్కరలేదు, ఎక్కించనక్కరలేదు. ఒక చాయ్ చాలు.

ఆ ముసలాయనకు తెలిసినది, ఏ పరికరపు మెనూలోనూ లేనిది ఇంకొకటి ఉన్నది. వానలు పడ్డాక కొర్రమీను గుడ్లు పెట్టి, ఎర్రటి పిల్లలు గుంపుగా నీటిపైన తిరుగుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. ఆ సమయంలో పిల్లల గుంపు మధ్యకు ఏది విసిరినా పెద్దచేప దానిమీద పడుతుంది, ఆకలితో కాదు, కోపంతో. అప్పుడు దానిని పట్టడం మహాసులువు, పట్టినవాడికి మహాసిగ్గు, ఎందుకంటే కావలి పోయిన పిల్లలను మిగతా చేపలు నిమిషాల్లో ఖాళీ చేస్తాయి. చేప ఎక్కడున్నదో తెలియడమే వేట నైపుణ్యమైతే ఇంతకంటే నైపుణ్యం చూపించే సందర్భం లేదు. తెలిసీ గాలం చుట్టుకొని పక్కకు పోవడం కూడా నైపుణ్యంలో భాగమైతే ఈ విషయంలో ఎలక్ట్రానిక్సుకు చెప్పగలిగింది ఏమీ లేదు.

ఈ వినోదానికి దక్కనులో శాస్త్రం లేక యంత్రాన్ని ఆశ్రయించవలసి వచ్చిందనుకోవడం కూడా పొరపాటు. పన్నెండవ శతాబ్దంలో కల్యాణిని ఏలిన చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో రాజులకు తగిన వినోదాల నడుమ మత్స్యవినోదానికి ఒక ప్రకరణమే కేటాయించి, చేపల రకాలను, వాటికి వేయవలసిన మేతలను, గాలపు సరంజామాను వివరించాడు. ఆ కల్యాణి తరువాతి కాలంలో నిజాం రాజ్యంలోని బీదరు ప్రాంతంలో ఉండేది. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ఇండియాలో గాలపు వేట గురించి, 1887లో ప్రత్యేకంగా చెరువుల్లో గాలపు వేట గురించి పుస్తకాలు రాశాడు. రాజుకు బోయీలు, దొరకు బంట్రోతులు ఉండేవారు గనుక వాళ్ల వేట అంత నిరాడంబరమైనదేమీ కాదు. అయినా సేవకుల చేత మేత చల్లించుకున్న సోమేశ్వరుడు సైతం నీటిలోపల ఏముందో చూసి చెప్పమని ఎవరినీ ముంచినట్టు లేదు.

పొట్టకూటి వేట సంగతి వేరు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, హైదరాబాదులోని ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచారాన్ని అందించే జాతీయ కేంద్రం, ఉపగ్రహాల ద్వారా సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితాన్ని గమనించి, చేపలు గుమిగూడే అవకాశమున్న ప్రాంతాలను విశాఖపట్నం, కాకినాడ మొదలైన తీరాల మత్స్యకారులకు తెలియజేస్తుంది. డీజిలు ఖర్చుతో వెళ్లి ఖాళీ వలతో వస్తే అప్పుల పాలయ్యే మనిషికి ఆ సమాచారమూ, పడవలోని సోనారూ అన్నంతో సమానం. వాటిని ఎగతాళి చేసేవాడు మూర్ఖుడు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేట నిషేధం అమలులో ఉన్నప్పుడు ఆ సూచనలు కూడా ఆగిపోతాయి. అంటే చేప కావలసినవాడికే యంత్రం, అదీ హద్దుల్లో. చేప అక్కరలేనివాడికి, పట్టిన చేపను ఫొటో తీసి మళ్ళీ నీటిలోకి వదిలేసేవాడికి, హద్దులేని యంత్రం దేనికో అర్థం కాదు. అతనికి చేప వద్దు, నిరీక్షణ వద్దు. మిగిలేది ఫొటో ఒక్కటే, దానికి ఇంత దూరం రానక్కరలేదు.

సమయం ఆదా అవుతుందని మరికొందరు వాదిస్తారు. కాలక్షేపానికి వచ్చినవాడు కాలాన్ని ఆదా చేసుకోవడమంటే ఏమిటో వేదాంతులు తేల్చాలి. అమెరికాలో ఈ చిక్కు ముందే ఎదురైంది. బాస్ చేపల పోటీల్లో లైవ్‌స్కోప్ వంటి ముందుచూపు సోనార్ వచ్చాక పోటీదారులు గంటల తరబడి నీటివంక కాక తెరవంక చూస్తూ నిలబడుతున్నారని చూసేవారు విసుక్కోగా, నేషనల్ ప్రొఫెషనల్ ఫిషింగ్ లీగ్ 2024 నుంచి దానిని నిషేధించింది. మేజర్ లీగ్ ఫిషింగ్ తన ప్రధాన పోటీల్లో 2025 నుంచి రోజుకు మూడు విడతల్లో ఒక్క విడతకే పరిమితం చేసింది. ఈ పరికరాలను విరివిగా తయారుచేసి, కొని, వాడిన దేశం వాటికి కళ్లెం వేస్తున్న సమయంలో వాటిని కొత్తగా నెత్తికెత్తుకోవడం మనకు అలవాటైన ఆలస్యమే.

పరికరం పనికిరానిదని దీని అర్థం కాదు. పడవలో వెళ్లేవారికి రాళ్లను, లోతును ముందుగా చూపి అది ప్రాణం కాపాడవచ్చు. శాస్త్రజ్ఞులు జలాశయంలో చేపలెన్ని ఉన్నాయో అంచనా కట్టడానికి ప్రతిధ్వని పద్ధతినే వాడతారు. కొత్త చెరువు అడుగు పల్లమెక్కడో మిట్ట ఎక్కడో ఒకసారి చూసి తెలుసుకొని, ఆపైన యంత్రాన్ని సంచిలో పెట్టేసేవాడితో తగవు లేదు. తగవంతా చేప మీదికి దానిని గురిపెట్టి, దొరికిన చేపను తన ప్రజ్ఞగా చెప్పుకునేవాడితోనే. కనీసం గాలపు పోటీలు నిర్వహించేవారు అటువంటి చేపను వేరే పట్టీలో రాసి, యంత్రం పేరు ముందు, మనిషి పేరు తరువాత వేయడం న్యాయంగా ఉంటుంది.

ఇక కొనదలచి డబ్బు కూడబెట్టుకుంటున్నవారికి ఒక మనవి. ముందు ఒక ఆదివారం ఉదయం, గాలం వేయడానికి అనుమతి ఉన్న ఏదో ఒక చెరువు దగ్గర, ఫోను జేబులో పెట్టి, జమ్ము అంచున నీటిని చూస్తూ కూర్చోండి. రెండు గంటల్లో ఒక్క కొర్రమీను కూడా గుటక వేయడానికి పైకి రాకపోతే, లేచి వెళ్లి ఆ పరికరం కొనుక్కోండి. దుకాణాలు ఆదివారం కూడా తెరిచే ఉంటాయి.