గోమార్ల టీక

మూలం: ‘‘సారూ, మా బర్రెకు గోమార్లు పట్టినయ్, మందియ్యుండ్రి.’’

అవతారిక: పశువుల దవాఖాన ముందు బర్రెను వేపచెట్టుకు కట్టేసి, చీటీ చేతబట్టుకుని ఒక పాడిరైతు పలికిన వాక్యమిది. వినగానే అర్థమైనట్టుంటుంది. చిక్కంతా అక్కడే.

ప్రతిపదార్థం: సారూ = ఓ పశువైద్యుడా; మా = బ్యాంకు అప్పు తీరకపోయినా మాదే అయిన; బర్రెకు = పాడిగేదెకు; గోమార్లు = విశేషాంశాల్లో చూచునది; పట్టినయ్ = నోరు చర్మంలో దింపి, గోకినా రాలకుండా నెత్తురు తాగుచున్నవి; మందు = సూదియో, పైపూతయో; ఇయ్యుండ్రి = వెంటనే, వీలైతే ఉచితంగా దయచేయుడు.

తాత్పర్యము: సుగమము.

విశేషాంశాలు: ‘గోమార్లు’ అన్న బహువచనం అవి లెక్కకు ఎక్కువ కాబట్టి వచ్చిందని కొందరు వ్యాఖ్యాతలు. జాతులు పలు గనుక వచ్చిందని మా మతం. రైతుకు కనబడేది ఆముదపు గింజలా ఉబ్బిన బూడిదరంగు పొట్ట. పొట్ట ఎంత తాగిందో చెబుతుంది గాని ఏ జాతిదో చెప్పదు. చూడవలసింది తల. గట్టి గోమారికి తల పైనుంచి చూస్తేనే ముందుకు పొడుచుకొచ్చి కనిపిస్తుంది. మెత్తటి జాతుల్లో పెద్దవాటికి అది కడుపు కింద దాగుతుంది. తల వెనక కవచం వీపంతా పరుచుకుంటే మగది, ముందుభాగంలోనే ఆగిపోతే ఆడది. ఆడది వేల గుడ్లకు సరిపడా తాగి ఉబ్బాలి గనుక దానికి నిండు కవచం కుదరదు. అందుకే చేతికి చిక్కేది ఎప్పుడూ ఆడదే. జాతి తేల్చడానికి ఎక్కువగా అక్కరకొచ్చే మగది సన్నగా ఆ పక్కనే నక్కి ఉంటుంది. లావువాటినే పీకి 70 శాతం ఆల్కహాలు సీసాలో వేసుకునే వైద్యుడిది అసంపూర్ణ పాఠం. ఆరు కాళ్ల పిల్లను చూసి ఇది పేనని వాదించేవారూ ఉన్నారు. తొలి దశలో దానికి ఆరే; ఒక కుబుసం విడిస్తే ఎనిమిది.

ఇక సూక్ష్మదర్శిని ప్రమాణం. నోరు పొట్టిగా, తల మొదలు ఆరుమూలలుగా ఉండి, ఒంటి వెనక అంచున నొక్కులు లేకపోతే రిపిసెఫాలస్ మైక్రోప్లస్. దీని పాత ఇంటిపేరు బూఫిలస్. 2003లో ఇంటిపేరు మార్చారు, తాగుడు మాత్రం మారలేదు. నోటి పక్క స్పర్శాంగాలు పొడవుగా ఉండి, కవచం అంచున కళ్లుంటే హయలోమ్మా. కళ్లే లేక, స్పర్శాంగాల రెండో కణుపు పక్కకు పొడుచుకొస్తే హీమాఫైసాలిస్. దాని బంధువొకటి 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవి జ్వరంతో మనుషుల దాకా వచ్చింది.

‘ఏదైతేనేం, అన్నీ తాగేవే కదా’ అని పూర్వపక్షం. కాదు. మైక్రోప్లస్ ఎర్ర మూత్రం తెప్పించే బబీసియాను మోస్తుంది. హయలోమ్మా అనటోలికమ్ థైలీరియాను మోస్తుంది. గోమారి రోగం మోస్తుందనడానికి ఆప్తవాక్యం కావాలంటే, టెక్సాస్ జ్వరం గుట్టు 1893లోనే విప్పిన స్మిత్, కిల్‌బోర్న్ ఉన్నారు.

వ్యాకరణం: ‘బర్రెకు’ అన్న షష్ఠీ విభక్తి మైక్రోప్లస్ పట్ల నిర్దుష్టం. పిల్లగా ఎక్కి, సుమారు మూడు వారాలు ఆ ఒంటి మీదే కుబుసాలు విడిచి పెద్దదవుతుంది గనుక మందు బర్రె మీద పడితే దానికి తగులుతుంది. హయలోమ్మా అనటోలికమ్ అలా కాదు. నడుమ దిగిపోయి, కొట్టంలో గోడ పగుళ్లలో కుబుసం విడిచి, మళ్లీ ఎక్కుతుంది. కనుక అది పట్టినప్పుడు ‘బర్రెకు’ అన్న చోట ‘బర్రెకు, గోడకు’ అని పాఠం దిద్దుకుని, పగుళ్లు పూడ్చి మెత్తిన తర్వాతే మూలం చదువుకోవాలి.