కోనసీమ వెళ్లి ఏమీ తినకుండా తిరిగి రావడం ఎలా?

ద్వీపం చూడాలంటే అండమాన్ దాకా ఓడెక్కనక్కర్లేదు. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, దిగువన బంగాళాఖాతం. మధ్యలో ఉన్న కోనసీమ అచ్చమైన ద్వీపమే. నడుమ వైనతేయ పాయ కూడా చీల్చుకుపోతుంది కాబట్టి, లెక్కకు రెండు ద్వీపాలనాలి. హైదరాబాద్‌లో శుక్రవారం రాత్రి కారెక్కితే తెల్లారేసరికి సిద్ధాంతం వంతెన మీద ఉంటారు. అక్కడి తిండి గురించి మీరు చాలా వినే ఉంటారు. దాని బారిన పడకుండా శని, ఆదివారాలు గడిపి రావడానికి ఈ సూచనలు.

ముందు ముహూర్తం. అక్కడి వంటిల్లు గోదావరి చెప్పినట్టు నడుస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు దిగితే పులస. దసరా దీపావళి రోజుల్లో నదీముఖాల దగ్గర చీరమేను. వేసవిలో ముంజలు, పనస. చలికాలంలో తేగలు. ఈ పంచాంగం మీరు చూడకూడదు. మీ పంచాంగం ఆఫీసువాళ్లిచ్చే సెలవుల జాబితా. సంక్రాంతికి బయల్దేరండి. నగరమంతా అప్పుడే బయల్దేరుతుంది కనక టోల్‌గేట్ల దగ్గర కావలసినంత విశ్రాంతి దొరుకుతుంది. చేరగానే, ముఖం కూడా కడుక్కోకుండా, పులస అడగండి.

"ఇప్పుడెక్కడి పులసండీ బాబూ, వరదలప్పుడు కదండీ!" అంటారు. నమ్మకండి. సముద్రంలో తిరిగే ఇలస గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది మంచినీళ్లలోకి వస్తేనే పులస అవుతుందనీ, ఆ ఈదడంలోనే రుచి వస్తుందనీ, ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డమనీ ఏదేదో చెబుతారు. అదంతా చేప గొడవ, మీది కాదు. రెండోసారి అడగండి. మూడోసారి గొంతు పెంచి అడగండి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మీకూ తెలుసని చెప్పండి. ఈ చివరి మాట బాగా పనిచేస్తుంది. పుస్తెలమ్మడానికి సిద్ధపడి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం వ్యాపార ధర్మం కాదు. ఒడిశా నుంచో బెంగాల్ నుంచో మంచుపెట్టెలో పడుకుని వచ్చిన ఇలస ఒకటి మీ విస్తట్లో ప్రత్యక్షమవుతుంది. కోనసీమకు మీరెంత కొత్తో అదీ అంతే కొత్త. ధర మాత్రం పక్కా లోకల్.

పొరపాటున వానాకాలంలో వెళ్లి, అసలు పులసే ఎదురైతే? కంగారు పడొద్దు. మట్టి చట్టిలో, సన్నసెగ మీద, చింతపండు పులుసులో బెండకాయలు వేసి తీరిగ్గా వండుతారు. వండినావిడ, "రేపు తినండి బాబూ, ముక్కకి పులుసు పట్టాలి" అంటుంది. రేపు మీకు తిరుగు ప్రయాణం. రెండు రోజుల విహారంలో పులుసుకు ఒక రాత్రి కేటాయించడం కుదరదని వినయంగా చెప్పి, పొయ్యి మీది నుంచే వడ్డించమనండి. ముళ్లు దండిగా ఉంటాయి. ఒక చేత్తో వీడియో తీస్తూ రెండో చేత్తో తింటే మూడో ముద్దకు మీరే లేచిపోతారు.

పొద్దుటిపూట ప్రమాదం వేరు. అంబాజీపేటలో పొట్టిక్కలని ఉంటాయి. పనసాకులను ఈనెలతో గుచ్చి బుట్టలు చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. ఆకు వాసన పిండికెక్కుతుంది. ఒక్కటి తిన్నారో, ఇంటికొచ్చాక మీ ఇడ్లీ స్టాండు మీద మనసు విరిగిపోతుంది. దీనికి విరుగుడు తేలిక: తొమ్మిదిన్నరకు నిద్ర లేవడం. ఆ వేళకు దిండి రిసార్టులో బ్రెడ్డూ జామూ సిద్ధంగా ఉంటాయి. కిటికీ అవతల కొబ్బరి చెట్లు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి బొండం అక్కర్లేదు, ఫ్రిజ్‌లో టెట్రాప్యాక్ కొబ్బరినీళ్లు అడగండి.

పూతరేకుల విషయంలో మరీ జాగ్రత్త. ఆత్రేయపురం వెళ్లనే వద్దు. వెళ్తే, బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను ఆ కుండ మీద ఒక్క దులుపు దులిపి, కాగితంలాంటి రేకు తీసే ఆడవాళ్లు కనిపిస్తారు. ఆ పొగలో వాళ్లు రోజంతా కూర్చోవడం చూశాక, డబ్బా దగ్గర పదిరూపాయల కోసం బేరమాడాలంటే మీకే నోరు రాదు. 2023లో ఆ రేకుకు భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చేశారు. మనకెందుకు? హైవే పక్కన కారు దిగకుండా కొనండి. బెల్లం, నెయ్యి వేసినవి పాతకాలపువి, చాక్లెట్‌వి అడగండి. డబ్బాను డిక్కీలో సూట్‌కేసు కింద పెడితే హైదరాబాద్ చేరేసరికి పొడి తయారు. పాలల్లో కలుపుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద ఆపద మనుషులు. అక్కడ దారి అడిగితే దారి చెప్పి ఊరుకోరు. "ఆయ్, భోంచేసి వెళ్లండి, ఎంతసేపండీ" అంటారు. ఆ ఎంతసేపులో పనసపొట్టు కూర ఉంటుంది. ఆవపెట్టి చేసిన ఆ కూర ఏ మెనూలోనూ కనబడదు, కనబడినా అది ఇది కాదు. మొహమాటపడి కూర్చున్నారా, మారు వడ్డన ఆగదు. వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల మీదే నెయ్యి పోస్తారు. కాబట్టి దారి మనుషుల్ని అడగొద్దు, ఫోన్లో మ్యాపు చూసుకోండి. కాలవ గట్టు మీద కారు ఇరుక్కుంటే ఇరుక్కుంది. అప్పుడు తోయడానికి వచ్చినవాళ్లు కూడా భోజనానికే పిలుస్తారు, అది వేరే సంగతి. డైటింగనండి. వాళ్లకా మాట తెలుసు, అయినా పట్టించుకోరు. షుగరనండి, అన్నం తగ్గించి చేపముక్కలు పెంచుతారు. ఈ ఒక్క చోట నా దగ్గర సలహా లేదు.

తిరుగు దారిలో విజయవాడ దాటాక ఆకలేస్తుంది. ఏదో ఒక ఫుడ్‌కోర్టులో పిజ్జా తినండి. తింటూనే, తీసి పెట్టుకున్న పులుసు చట్టి ఫొటోకు 'అసలైన కోనసీమ రుచులు' అని రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. రిసార్టుకు రేటింగ్ ఇవ్వడం మరిచిపోవద్దు: ద్వీపమన్నారు గానీ గదిలోంచి సముద్రం కనబడలేదు, చేపలో ముళ్లున్నాయి, రెండు నక్షత్రాలు.