బోటనీ అన్న

కరోల్ బాగ్‌లో సివిల్స్‌కి చదివే మన తెలుగువాళ్ల మధ్య గల్లీకొక బోటనీ అన్న ఉంటాడు. మెయిన్స్‌లో ఆప్షనల్ అంటే రెండు పేపర్లు, 500 మార్కులు. జనమంతా జాగ్రఫీ, సోషియాలజీ అంటూ ఎగబడుతుంటే ఈయన డిగ్రీనాటి బోటనీని వదల్లేదు. ఎన్నో అటెంప్టని మాత్రం అడక్కూడదు. అడిగితే ఐక్లర్‌ని పిలుస్తాడు. పూల నిర్మాణాన్ని పటాలుగా గీసిన జర్మన్ పెద్దాయన. ఆ పటాల పుస్తకం మొదటి సంపుటం 1875లో, రెండోది 1878లో వచ్చాయి. "చూశావా తమ్ముడూ, ఐక్లర్‌కే మధ్యలో మూడేళ్లు పట్టింది!"

పుష్ప సంకేతం ఆయనకి కంఠోపాఠం. కె అంటే రక్షకపత్రాలు, సి ఆకర్షణపత్రాలు, ఏ కేసరాలు, జి అండకోశం. పక్కన అంకె ఎన్నున్నాయో చెబుతుంది. ఒకదానికొకటి అతుక్కుంటే అంకెకి బ్రాకెట్. జి కింద గీత ఉంటే అండాశయం పైనున్నట్టు, పైన గీత ఉంటే కిందున్నట్టు. ఈ తిరకాసు అలవాటైనవాడికి సర్కారీ ఫైళ్లు నల్లేరు మీద నడకేనని నా అనుమానం.

చలికాలంలో తోపుడుబండి మీద ఆవకూర కట్టలొస్తే ఆగిపోతాడు. పసుపు పువ్వు తుంచి, రేకులు నాలుగు, కేసరాలు ఆరు, లోపలి నాలుగూ పొడుగు, బయటి రెండూ పొట్టి అని బండివాడికే పాఠం చెబుతాడు. చివరికి కొనేది కొత్తిమీర.

ఝండేవాలాన్ దగ్గర 108 అడుగుల హనుమంతుడి గుడికెళ్లినా అంతే. "బంతి ఒక్క పువ్వు కాదు భయ్యా, పూల గుంపు. మనం రేకనుకునే ప్రతిదీ ఒక పువ్వే!" దండలవాడు ఆలోచించి, "అయితే రేటు పెంచాలి సాబ్" అన్నాడు.

ఆయన గదిలో పదిమంది. తొమ్మిదిమందిది ఉమ్మడి వంట, ఒకడు మూల కూర్చుని వేరే కుక్కర్లో పప్పు వండుకుంటాడు. "ఏ, బ్రాకెట్లో తొమ్మిది, ప్లస్ ఒకటి. బఠాణీ పువ్వురా మనది!" అని మురిసిపోతాడు. పదోవాడు ఆ రోజంతా పలకలేదు.

మొన్న వాళ్లమ్మ ఫోన్ చేసి సంబంధం చెప్పింది. నలుగురన్నదమ్ములు, అందరూ కలిసే ఉంటారట.

"బ్రాకెట్ అన్నమాట!"

"బ్రాకెట్టో బకెట్టో నాకు తెలీదు నాయనా. అబ్బాయి ఏం చేస్తున్నాడని అడుగుతున్నారు. పూలు లెక్కపెడుతున్నాడని చెప్పమంటావా?"