మర్రిచెట్టు కాడి పాయింట్ బుక్

మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే తోవలో, ఒక మర్రికి మేకులు కొట్టి వేలాడదీసిన రేకు డబ్బా నా ఇల్లు. రాత్రి గస్తీ కానిస్టేబుల్ డబ్బా తెరిచి నాలో టైము రాసి సంతకం పెట్టాలి. ఏ ఠాణా అని అడక్కండి. వాళ్ల సిరా తాగి పెరిగాను.

చలికాలమైతే పదకొండింటికే వచ్చి ఒంటిగంట, మూడు, అయిదు సంతకాలన్నీ ఒక్కసారే గీకేసి పోయినవాళ్లున్నారు. మూడింటి సిరా ఆరకముందే అయిదింటి సంతకం పడేది! నన్నెవరూ అంతగా నమ్మేవాళ్లు కాదు గనక, ఆ అబద్ధం వల్ల ఎవరికీ చేటు రాలేదు.

పుస్తకాన్ని నమ్మితే ఏమవుతుందో మా ముత్తాతకు తెలుసు. ఆయన స్టువర్టుపురంలో హాజరుపట్టీ. 1911 నాటి నేరస్థ తెగల చట్టం పేరు చెప్పి ఎరుకలవాళ్లను తెచ్చి పెట్టిన ఊరది. దొంగతనం చేశాడా అన్న ప్రశ్నే లేదు, ఎవరికి పుట్టాడన్నదే లెక్క. పేరు పిలిస్తే పలకాలి. పలక్కపోతే ఓ గుర్తు, ఆ గుర్తే రేపటి అనుమానానికి ఆధారం. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. పట్టీ బుద్ధి మాత్రం మా వంశాన్ని వదల్లేదు.

2018 జనవరిలో తెలంగాణ పోలీసులు పాత నేరస్థుల ఇళ్లకు పోయి సమగ్ర సర్వే చేశారు, ఇళ్లను మ్యాపుకెక్కించారు. అదే ఏడు టీఎస్‌కాప్ యాప్‌లో ముఖాలు పోల్చే పని కూడా చేరింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చే చేతుల్లో ట్యాబులు కనబడసాగాయి.

మర్రికి ఒక పక్క ఫాంహౌస్ గోడ. ఇంకో పక్క ఆ గోడ కట్టిన కూలీల రేకుల షెడ్లు. బండి ఆగేది షెడ్ల దిక్కే. తాగి తూలేవాడో, కాగితాల్లేని బండివాడో దొరుకుతాడు, పెట్టీ కేసు, మ్యాపులో చుక్క. గేటు లోపల తాగేవాళ్లకు చుక్కల్లేవు, వాచ్‌మన్ సలాము ఉంది. జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు 1996లో 111 జీవో అడ్డుగీత గీసింది. అయినా గోడలు లేచాయి. గోడ లేస్తే చుక్క పడదు మరి.

ఓ రాత్రి పిల్ల కానిస్టేబుల్ ట్యాబ్‌లో మ్యాపు చూసి, "అన్నా, గీ మర్రికాడ మళ్ల ఎర్రగైంది" అన్నాడు.

"కాదా మరి? రోజూ గీడికే వస్తిమి గదరా తమ్మీ" అన్నాడు పెద్దాయన, మిర్చిబజ్జీ కొరుకుతూ.

ఆ పొట్లం కాగితం డబ్బాలోనే పడేసిపోయాడు, తెల్లారేదాకా చదువుకున్నాను. లాస్ ఏంజెలెస్ పోలీసులు నేరం ఎక్కడ జరుగుతుందో ముందే చెప్పే ప్రెడ్‌పోల్‌ను ఏళ్లతరబడి వాడి 2020లో ఆపేశారట. శాంతా క్రూజ్ ఊరైతే అలాంటి జోస్యాలనే నిషేధించింది. ఢిల్లీ పోలీసులకు మాత్రం అలాంటి జోస్యాలు చెప్పే సీమ్యాప్స్ ఉంది.

మొన్న నన్ను డబ్బాలోంచి తీశారు. పేజీ పేజీకీ ఫొటో తీసి కంప్యూటరుకెక్కించారు, పదకొండింటికి గీకిన అయిదింటి సంతకాలతో సహా. ఇన్నాళ్లకు నన్ను నమ్మేవాడొకడు దొరికాడు. అయిదింటికి మర్రి కింద పోలీసు ఉన్నాడని రాసుకున్నాడు. ఆ వేళ అక్కడున్నది నేనూ, కొమ్మల్లో గబ్బిలాలూ.