నాకు పని దొరకని పూట

నేను గరిజెల చెక్కను. మాక్లూర్‌లో ఒక వడ్లాయన టేకు ముక్కను రెండుగా కోసి, అరచంద్రంలా గుంటలు తొలిచి, అంచున నొక్కులు తీసి, ఇత్తడి కీలుతో కలిపాడు. అవ్వ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో సంగతి. అప్పటినుంచి సంక్రాంతికి, దీపావళికి, ఆడబిడ్డను అత్తగారింటికి సాగనంపేటప్పుడు నన్ను అటక మీది నుంచి దించుతారు. మిగతా కాలమంతా సకినాల బట్టతో పాటు మూటలో నిద్ర.

నా పనితనమంతా అంచులోనే ఉంది. మైదాలో కాస్త బొంబాయి రవ్వ, కాగిన నూనె వేసి గట్టిగా తడిపిన పిండిని పూరీలా ఒత్తి నాలో పరుస్తారు. నడుమ చెంచాడు పొడి: పుట్నాలు, కుడుక తురుము, నువ్వులు, యాలకులు, చక్కెర. అంచుకు తడి రాసి నన్ను మూసి నొక్కుతారు. నూనెలో ఆ అంచు విడిందా, చక్కెర జారి మాడుతుంది, ఆ నలుపు తర్వాతి వాయిలన్నిటికీ అంటుకుంటుంది. మంట ఎక్కువ పెట్టినవాళ్లను ఎవరూ ఏమనరు. తిట్లు నాకే.

ఇక చక్కెర సంగతి. నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లు పారిన పొలాల్లో చెరుకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. కంట్రోల్ దుకాణం నుంచి తెచ్చిన చక్కెరను అవ్వ రోట్లో దంచి జల్లిస్తుంటే, అది మన బోధన్‌దేనని ఇంట్లో అందరూ ధీమాగా అనుకునేవారు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు నాలో పడే చక్కెర ఏ ఊరిదో సంచి మీద రాసి ఉంటుందట. నాకు చదువు రాదు.

చదువంటే మనుమరాలిది. హంగేరీలో, డెబ్రెసెన్ యూనివర్సిటీలో. మొన్న ఎండాకాలం సెలవులకు వచ్చింది, బజారులో ఆల్‌బుకారా పండ్లు కనపడగానే కొనేసింది. "అవ్వా, సిల్వాష్ గొంబోత్స్ చేస్త. అక్కడి గరిజెలనుకో" అంటూ నన్ను దించింది. పండుగ కాని రోజున పిలుపు! పొంగిపోయాను.

ఆలుగడ్డలను పొట్టుతోనే ఉడికించింది. పొట్టు తీసి ఉడికిస్తే నీళ్లు పీల్చుకుంటాయట. కిలో గడ్డలు మెదిపి, చల్లారాక మూడు వందల గ్రాముల మైదా, కాస్త ఉప్పు, ఒక గుడ్డు వేసింది. "మిఠాయిల గుడ్డేంది బిడ్డా?" అని అవ్వ మూతి తిప్పింది. ఆ పిండి నాలో పరిచి మూసిందో లేదో, నా నొక్కుల సందుల్లో మైనంలా ఇరుక్కుపోయింది. నన్ను కడిగి పక్కన పెట్టేశారు. ఆ పిండిని చేతులతో చుట్టాల్సిందే. అదీ త్వరగా. ఆలస్యమైతే గడ్డ తడి వదులుతుంది, తడి పోవాలని మైదా పోస్తే ఉండ రబ్బరులా సాగుతుంది.

పండులో గింజ తీసి, ఆ చోట దాల్చినచెక్క పొడి అద్దిన చక్కెర బిళ్ల పెట్టడం వాళ్ల పద్ధతి. ఆ బిళ్ల పుట్టిందీ అటువైపే. 1843లో, అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని దాచిత్సె ఊళ్లో, యాకుబ్ క్రిష్టోఫ్ రాడ్ దానికి పేటెంటు పొందాడు. ఆ దేశాల చక్కెర చెరుకుది కాదు, బీట్‌ది. అవ్వ ఇది నమ్మలేదు. గడ్డలో నుంచి చక్కెర వస్తే చెరుకు రైతు ఎందుకు, అంది. జవాబు చెప్పేవాళ్లు లేరు.

చక్కెర తగిలితే పండు నీరు వదులుతుంది, అందుకే పెట్టిన వెంటనే ఉండ చుట్టేయాలి. వాళ్లు వాడే బెస్టెర్‌సె రకం పండుకు గింజ తేలిగ్గా ఊడి వస్తుంది. మన బజారు పండుది కండను వదలదు, పీకేసరికి పండు చితికింది. మరిగే నీళ్లలో వేస్తే కొన్ని పగిలి నీళ్లు ఎర్రబడ్డాయి. నాకు లోలోపల తృప్తి. అంచు లేని పనికి అంతే మరి.

అవ్వ మాత్రం తృప్తి పడలేదు. "ఉడుకు నీళ్లల్ల ముంచుడెందుకే? కుడుముల లెక్క ఆవిరికి పెడితె పగలవు గద" అంటూ గిన్నెకు బట్ట కట్టి మిగిలినవి దాని మీద పేర్చింది. ఒక్కటీ పగల్లేదు. నేతిలో దోరగా వేయించిన బ్రెడ్ పొడిలో దొర్లించి ఇస్తే మనుమరాలు కళ్లు మూసుకుని తిన్నది. పులుపు, తీపి, దాల్చిన వాసన... నాకు నోరు లేదు, ముక్కు ఉన్నట్టే లెక్క. బాగానే ఉన్నాయని ఒప్పుకోక తప్పదు. కానీ మర్నాటికి పనికిరావు. గరిజెలైతే పదిహేను రోజులైనా డబ్బాలో కరకరలాడుతూనే ఉంటాయి. లోపల తడి లేదు మరి.

కాబట్టే, ప్రయాణానికి ముందు మళ్లీ నేనే కావలసి వచ్చాను. డబ్బా నింపాక మనుమరాలు నన్ను కూడా సూట్‌కేసులో పెట్టుకుంటానంది.

"అదెట్ల? పండుగకు నేనేంటితోని జేసుకోవాలె? నిజామాబాద్ గంజ్‌ల ప్లాస్టిక్‌ది దొరుకుతది, తెచ్చుకో" అంది అవ్వ.