ఎందుకమ్మా నీకీ వివరాలు?

సమాచార హక్కు చట్టం మీద మన పదో తరగతి పిల్లలకు తిరుగులేదు. 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది, 30 రోజుల్లో జవాబివ్వాలి... నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేస్తారు. చిక్కల్లా వాళ్లలో ఒకరు ఆ పాఠాన్ని నిజమని నమ్మినప్పుడే.

ఒక పదో తరగతి అమ్మాయికి ఆ జబ్బు పట్టుకుందనే అనుకుందాం. బడిలో మరుగుదొడ్ల మరమ్మతుకు వచ్చిన సొమ్మెంత, ఖర్చయిందెంత, బిల్లుల నకళ్లు ఇవ్వండని తెల్లకాగితం మీద రాసుకుని మండలాఫీసుకు వెళ్లింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఊళ్లో ఆఫీసుకైతే రుసుమే లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. ప్రభుత్వం దగ్గర ఇంత చవగ్గా దొరికేది ఇంకొకటి లేదు. దొరికితే.

గుమాస్తా గారు కాగితం చదవలేదు, అమ్మాయిని ఎగాదిగా చదివాడు. "ఎందుకమ్మా నీకీ వివరాలు? మీ నాన్నేం చేస్తాడు?"

ఎందుకో చెప్పక్కర్లేదని ఆ చట్టం 6వ సెక్షనులోనే ఉంది. హక్కు పౌరులందరిదీ అన్నారు తప్ప ఓటు వచ్చినవాళ్లదని అనలేదు. అమ్మాయి ఆ సంగతే చెప్పింది. "పెద్దయ్యాక రా తల్లీ" అన్నాడాయన, ఎంతో ఆప్యాయంగా. ఆమె కదల్లేదు. చివరికి రసీదు ఇచ్చాడు.

సాయంత్రానికి హెడ్మాస్టరుకు ఫోను. హెడ్మాస్టరు నుంచి సోషల్ సారుకు, ఆయన నుంచి నాన్నకు. అడిగిన సమాచారానికి 30 రోజులు పడుతుంది గానీ, అడిగినవాళ్ల సమాచారం మూడు గంటల్లో ఊరు చుట్టేస్తుంది. "నేను చెప్పింది రాయమని గానీ చేయమని కాదు కదమ్మా" అని వాపోయాడు సోషల్ సారు.

ఆ బడిలో ప్రజాస్వామ్యం లేదనుకునేరు! జూలైలో స్కూలు లీడరు ఎన్నికలు జరిగాయి. చాక్‌పీసుల డబ్బాకు చిల్లు పెట్టి బ్యాలెట్ పెట్టె చేశారు, వేలికి స్కెచ్‌పెన్ను గీత గీశారు. అభ్యర్థులను మాత్రం హెడ్మాస్టరే ఎంపిక చేశారు, పిల్లలకు శ్రమ ఎందుకని. నెగ్గిన నాయకుడి ప్రథమ కర్తవ్యం, క్లాసులో మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం. నవంబరు 26న రాజ్యాంగ పీఠికను ఎండలో నిలబెట్టి మరీ చదివించారు. భావప్రకటన స్వేచ్ఛ అన్న చోట ఇద్దరు గుసగుసలాడి బయట నిలబడ్డారు. నమూనా అసెంబ్లీ అయితే అద్భుతం. ఎవరూ నేర్పకుండానే పిల్లలు పోడియం చుట్టుముట్టారు. ఇద్దరు అటు నుంచి ఇటు దూకేశారు. స్పీకరు వేషం కట్టిన కుర్రాడు అనర్హత పిటిషను మీద ఇంకా ఆలోచిస్తున్నాడు.

పెద్దలకూ ఓ పాఠం ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఉన్నారు. సమావేశమే వాళ్ల ఇళ్లకు నడిచి వస్తుంది, తీర్మానాల పుస్తకం రూపంలో. వేలు పెట్టిన చోట సంతకం పెడితే కోరం నిండినట్టే.

సరిగ్గా ముప్పయ్యో రోజున అమ్మాయికి జవాబొచ్చింది: "మీరు కోరిన సమాచారం సదరు పాఠశాల వద్ద లభ్యమగును. అచ్చట సంప్రదించగలరు." అలా అయితే అయిదు రోజుల్లో దరఖాస్తును ఆఫీసే బడికి పంపాలి, పిల్లను కాదు. అమ్మాయి ఇప్పుడు మొదటి అప్పీలు రాస్తోంది. నాన్న ముందు కేకలేశాడు గానీ, వ్యవహారం సమాచార కమిషను దాకా వెళితే అధికారి జేబులోంచి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చని విన్నాక కాస్త మెత్తబడ్డాడు. అప్పీలు చిత్తుప్రతి దిద్దిపెడుతున్నది సోషల్ సారే. సాయంత్రం ఆరు దాటాక, పేరు బయటకు రాకూడదన్న షరతు మీద.